సున్నుండల కింద రోకలిబండ

ఆ శనివారం ఉదయం సృజన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి, మైక్రోస్కోప్ దీపానికి కొత్త బల్బు కొనుక్కురావాలి, పొద్దుగూకేలోగా రెండు కాళ్ల బొమ్మ గీయాలి. మనిషి కాళ్లు కావు, రోకలిబండ కాళ్లు.

దేశం కాని దేశంలో, బాతెల్ అనే ఊళ్లోని ఒక మందుల కంపెనీలో అతను క్వాలిటీ విభాగంలో పనిచేస్తాడు. అది జీతం కోసం. తక్కిన సమయంలో ఏం చేస్తారని ఎవరైనా అడిగితే రోకలిబండలనే బోలెడు కాళ్ల పురుగుల గురించి చెప్పడం మొదలుపెడతాడు కాబట్టి తెలిసినవాళ్లెవరూ అడగరు. తెలియనివాళ్లు అడిగి, "ఓ, జెర్రి లాంటిదా?" అంటారు. జెర్రి కరుస్తుందనీ, రోకలిబండ పాపం ఎండుటాకులు తిని బతుకుతుందనీ అతను వివరించేసరికి ఎదుటివాళ్లకు ఏదో ఫోన్ వస్తుంది.

మొరాకో కొండల్లో వాన ముఖం చూడని ఒక జునిపర్ చెట్ల అడవి ఉంది. 1986లో ఒక ఫ్రెంచ్ ఆయన అక్కడ కుళ్లిన బెరడు కింద నుంచి కొన్ని రోకలిబండలను ఏరి, ఆల్కహాల్‌లో వేసి, కాగితం ముక్క మీద పెన్సిల్‌తో ఊరూ తేదీ రాసి యూరప్‌లోని ఒక మ్యూజియంకు ఇచ్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా వాటి వంక ఎవరూ చూడలేదు. ఈలోగా బొగ్గుల కోసం ఆ అడవిని చాలావరకు నరికేశారు. సృజన్ ఏడేళ్ల కిందట వాటిని అరువు తెప్పించుకుని చూశాడు. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతి అది.

పేరు పెట్టడం అంటే పుస్తకంలో రాసేసి ఊరుకోవడం కాదు. వర్ణన రాయాలి, బొమ్మలు గీయాలి, ఇదిగో ఇదే ఆ జాతికి సాక్ష్యం అని ఒక్క జీవిని చూపించి శాశ్వతంగా దాచాలి. రోకలిబండలు పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా మగదాని ఏడో వలయం కింద దాగిన రెండు కాళ్లలో ఉంటుంది. ఆ ఫ్రెంచ్ ఆయన ఏరిన పన్నెండింటిలో పదకొండు ఆడవి, మగది ఒక్కటే. అది కూడా వచ్చే శుక్రవారానికల్లా మ్యూజియంకు తిరిగి పంపేయాలి. గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి మర్యాదగా కుదరదని రాశారు. అందుకే అతను ఆ మగది ఉన్న గాజు గొట్టాన్ని, సెలవు రోజుల్లో తను పనిచేసుకునే యూనివర్సిటీ ల్యాబ్ నుంచి ఇంటికి తెచ్చుకున్నాడు. తీసుకెళ్లవచ్చా అని ల్యాబ్‌లో అడగలేదు, అడిగితే వద్దంటారని.

గొట్టం చిటికెన వేలంత ఉంటుంది. దొర్లి పగలకుండా దాన్ని ఒక నీలం బిస్కెట్ల డబ్బా అడుగున పడుకోబెట్టి, పైన పేపర్ టవల్స్ మడతపెట్టి నీటుగా పరిచి, మూత బిగించి, కిచెన్ కౌంటర్ మీద ఉంచి అతను బల్బు కోసం వెళ్లాడు. డబ్బా మీద బిస్కెట్ల బొమ్మ ఉన్నా, అందులో బిస్కెట్లను చూసినవాళ్లు ఎవరూ లేరు. దీపావళికి మూడు వీధుల అవతల ఉండే కనకదుర్గ ఆంటీ అందులో జంతికలు పంపించింది.

బాతెల్ తెలుగువాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరి డబ్బానైనా వాళ్లకు ఖాళీగా తిప్పి పంపకూడదు. ఏదో ఒకటి పెట్టి పంపాలి. అవతలివాళ్లు మరో డబ్బాలో ఇంకేదో పెట్టి పంపుతారు. పదిహేనేళ్లుగా ఊళ్లో అవే డబ్బాలు తిరుగుతున్నాయి. ఏది మొదట ఎవరిదో తేల్చాలంటే ఇప్పుడు కోర్టుకే వెళ్లాలి.

సృజన్ భార్య కృష్ణవేణికి ఆ నీలం డబ్బా నాలుగు నెలలుగా మనసులో ముల్లులా ఉంది. ఆ ఉదయం సున్నుండలు చుట్టి, డబ్బా మూత తీసి చూస్తే లోపల తెల్లగా, చక్కగా పరిచిన పేపర్ టవల్స్. పన్నెండేళ్ల కాపురంలో మొదటిసారి మొగుడు చెప్పకుండానే ఒక పని చేశాడని ఆమె మురిసిపోయింది. ఇరవై సున్నుండలు పేర్చి, కారులో వెళ్లి కనకదుర్గ ఆంటీ చేతికిచ్చి వచ్చింది.

పదకొండింటికి సృజన్ బల్బుతో తిరిగొచ్చి కౌంటర్ వంక చూశాడు. డబ్బా ఏదని అడిగాడు. ఆమె చెప్పింది. అతను కుర్చీలో కూలబడి, డబ్బా అడుగున ఏముందో చెప్పాడు.

"నా సున్నుండల కింద రోకలిబండ పెట్టావా?" అంది కృష్ణవేణి.

"రోకలిబండ మీద నువ్వే సున్నుండలు పెట్టావు."

ఎవరు దేని మీద ఏది పెట్టారన్నది తేలకుండానే గంట గడిచింది. వెంటనే ఆంటీకి ఫోన్ చేసి నిజం చెబుతానని సృజన్ అన్నాడు. కృష్ణవేణి ఫోన్ లాక్కుంది. రెండేళ్ల కిందట ఒకావిడ పాయసంలో ఒకే ఒక్క చీమ కనిపించింది. ఆవిడ అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, అందరూ చీమల పాయసం ఆవిడ అనే అంటారు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి పిలిచినా పేపర్ ప్లేట్లు తెమ్మంటారు. చీమకే ఆ గతి పడితే, అన్నేసి కాళ్లున్న జీవి సంగతి చెప్పాలా? కృష్ణవేణి ఫోన్‌ని గుప్పిట్లోంచి వదల్లేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరూ తెలియని తనకి, ఊళ్లో మనుషులు ఏర్పడిందే ఈ చేతివంట వల్ల. ఆ సంగతి సృజన్‌కూ తెలుసు. అతను మెత్తబడ్డాడు.

సరిగ్గా అప్పుడు తలుపు తట్టారు. కనకదుర్గ ఆంటీ భర్త సూర్యప్రకాశరావు గారు, విమానాల కంపెనీలో రిటైరైన ఇంజనీరు, చేతిలో రెండు గిన్నెల స్టీలు క్యారియర్‌తో నిలబడి ఉన్నారు. "మీ ఆంటీ పులిహోర పంపింది. వెంటనే తెరవమంది," అని ఇచ్చేసి వెళ్లిపోయారు. పులిహోర తినే పరిస్థితిలో ఆ ఇంట్లో ఎవరూ లేరు. కృష్ణవేణి క్యారియర్‌ని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టి తలుపు వేసింది.

చివరికి ఒక అబద్ధం ఖాయం చేశారు. కృష్ణవేణి రవ్వల దుద్దు సున్నుండల డబ్బాలో పడిపోయింది, అందుకని డబ్బా ఒకసారి చూడాలి. చెబితే శుభ్రంగా చెప్పాలని ఆమె ఎడమ చెవి దుద్దు తీసి బీరువాలో పెట్టింది.

సాయంత్రం సృజన్ వెళ్లేసరికి కనకదుర్గ ఆంటీ పెరట్లో కరివేపాకు మొక్కకు నీళ్లు పోస్తోంది. కౌంటీ లైబ్రరీలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి, మాట నెమ్మది. అతన్ని చూసి నీళ్ల పైపు కట్టేసి అడిగింది.

"మధ్యాహ్నం పంపిన క్యారియర్ తెరిచారా?"

ఎవరైనా పంపిన వంట తిన్నారా అని అడిగితే తినలేదని చెప్పే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. "తెరిచాం ఆంటీ. చాలా బావుంది," అన్నాడు సృజన్.

ఆంటీ అతని ముఖంలోకి కాసేపు చూసింది. "అయితే సరే. ఇంక దాని గురించి మనం మాట్లాడుకోవద్దు. కృష్ణవేణితో కూడా నేనేమీ అనను," అంది.

పులిహోర విషయంలో ఇంత వినయం అతను ఎక్కడా చూడలేదు. అయినా అతని తొందర అతనిది. దుద్దు కథ చెప్పాడు. ఆంటీ ముఖం పాలిపోయింది. సున్నుండల్లో సగం స్టీలు డబ్బాలోకి తీసుకుని, మిగిలినవి నీలం డబ్బాలోనే ఉంచి యూనివర్సిటీలో చదువుకుంటున్న దేదీప్యా వాళ్లకు ఇచ్చేసిందట. తీసుకున్న సగంలో నాలుగు సూర్యప్రకాశరావు గారు మధ్యాహ్నం ఒకే విడతలో తిన్నారు, అదీ టీవీ చూస్తూ.

ఆదివారం పొద్దున్నే సూర్యప్రకాశరావు గారికి కడుపులో ఏదో గుచ్చుకుంటున్నట్టు అనిపించింది. అర్జెంట్ కేర్ ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నారు. ఏమీ లేదని డాక్టర్ చెప్పినా ఆయన నమ్మలేదు. రవ్వ పారదర్శకం కదా, ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తుందని ఎదురు ప్రశ్న వేసి, రేపు ఇంకో యాంగిల్‌లో తీయమన్నారు.

అదే సమయానికి సృజన్ దేదీప్య అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. వరంగల్ నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చిన అమ్మాయి, ఇంకో ముగ్గురితో కలిసి ఉంటోంది. సున్నుండలు పది నిమిషాల్లో అయిపోయాయట. డబ్బా కడిగి, ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి అందులో చాక్లెట్లు పోసి, తనను రోజూ కారులో దింపే నిధి అక్కకు ఇచ్చేసిందట.

"లోపల పేపర్ టవల్స్ ఉండాలి కదా?" అన్నాడు సృజన్.

"అవి పడేసినం అంకుల్. పొద్దున్నే ట్రాష్ తీసిన."

అపార్ట్‌మెంట్ వెనక చెత్త డబ్బా మనిషెత్తు ఉంటుంది. సన్నగా వాన పడుతోంది. సృజన్ లోపలికి దిగాడు. పాపం దేదీప్యా, ఆమె రూమ్మేట్లూ రెయిన్‌కోట్లు తొడుక్కుని వచ్చి సాయం చేశారు. గంటసేపు వెతికాక, బంగారు రంగు దేనినీ పట్టించుకోకుండా అతను సీసాలన్నీ ఎత్తి వెలుగులో పెట్టి చూడటం దేదీప్య గమనించింది. అసలు ఏం వెతుకుతున్నారని అడిగింది. తడిసి ముద్దై, తల ప్రాణం తోకకి వచ్చి ఉన్నాడేమో, నోరు జారాడు.

"చిన్న గాజు గొట్టం. పగలకూడదు. పగిలితే చెయ్యి పెట్టకు, నన్ను పిలువు."

పగిలితే ఆ రెండు కాళ్లు ఎక్కడ పోతాయోనని అతని భయం. దేదీప్య మాత్రం మెల్లగా గ్లవ్స్ విప్పి, మళ్లీ కొత్త గ్లవ్స్ తొడుక్కుంది. సృజన్ అంకుల్ పనిచేసేది మందుల కంపెనీలో. గాజు గొట్టం. చెయ్యి పెట్టకూడదు. రాత్రి తను తిన్నది మూడు సున్నుండలు.

సోమవారానికి ఊళ్లో రెండు కథలు తిరుగుతున్నాయి. మొదటి కథలో కృష్ణవేణి దుద్దు పోయింది. రెండో కథలో దుద్దు అనేది వట్టి సాకు, సృజన్ కంపెనీ నుంచి ఏదో క్రిముల గొట్టం ఇంటికి తెచ్చాడు, అది సున్నుండల్లో కలిసింది. ఒంటి చెవి దుద్దుతో తిరుగుతున్న కృష్ణవేణిని చూసి మొదటి కథవాళ్లు ఓదార్చారు, రెండో కథవాళ్లు రెండడుగులు దూరం జరిగారు. సూర్యప్రకాశరావు గారు రెండు కథలనూ నమ్మారు. ఎక్స్‌రేతో పాటు రక్త పరీక్ష కూడా చేయించుకున్నారు. దేదీప్య తన వీసా సంగతి ఏమవుతుందోనని ఎవరో లాయర్‌కి ఈమెయిల్ పెట్టింది.

నీలం డబ్బా చేరిన నిధి కూడా సృజన్ కంపెనీలోనే, భద్రతా విభాగంలో పనిచేస్తుంది. చాక్లెట్లు తినాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, బుధవారం లంచ్ టైంలో అతని ఎదురుగా కూర్చుంది. ఆ గొట్టంలో ఏముందని సూటిగా అడిగింది. సృజన్‌కి భార్యకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చెప్పలేనన్నాడు. భద్రతా విభాగంలో ఉన్నవాళ్లతో అనకూడని మాట అదొక్కటే. మధ్యాహ్నం మేనేజర్ పిలిచి, కంపెనీలో ఉన్న శాంపిళ్లన్నీ లెక్కపెడుతున్నామనీ, అయ్యేదాకా ఇంట్లోనే ఉండమనీ చెప్పాడు.

గురువారం అతను ఇంట్లో డైనింగ్ టేబుల్ ముందు కూర్చున్నాడు. మైక్రోస్కోప్ కింద కొత్త బల్బు వెలుగుతోంది, కింద చూడటానికి ఏమీ లేదు. రేపు పదకొండు ఆడ రోకలిబండలను పంపి, మగదాన్ని సున్నుండలతో పాటు పోగొట్టానని మ్యూజియంకు రాయాలి. ఇంకెప్పుడూ అతనికి ఎవరూ ఒక చీమను కూడా అరువివ్వరు. అంతకన్నా అతన్ని కలచివేసింది వేరే. ఆ జాతి ఎండిన అడవిలో, వానకోసం కాచుకుని, ఎవరి కంటా పడకుండా లక్షల ఏళ్లు బతికింది. అడవి పోయినా ముప్పై ఏళ్లకు పైగా గాజులో నిలిచింది. ఎవరో ఒకరు వచ్చి పేరు పెడతారని కాబోలు. ఆ వచ్చినవాడు దాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. అతనికి ఏడుపు వచ్చింది. కృష్ణవేణి వచ్చి పక్కన కూర్చుంది.

"చెప్పేయి. చీమల పాయసం ఆవిడకి తోడు దొరుకుతుంది," అంది.

చెప్పడానికి ఎక్కడికీ వెళ్లక్కర లేకపోయింది. ఐదింటికల్లా ఊరే వచ్చింది. రెండు కథలవాళ్లూ మాట్లాడుకుని, కష్టంలో ఉన్న ఇంటికి వట్టి చేతులతో వెళ్లకూడదు కాబట్టి తలా ఒక డబ్బా పట్టుకుని బయల్దేరారు. కనకదుర్గ ఆంటీ గుత్తివంకాయ, దేదీప్యా వాళ్లు ఎగ్ పఫ్‌లు. నిధి నీలం డబ్బానే తెచ్చింది, తినని చాక్లెట్లతో సహా. సూర్యప్రకాశరావు గారు ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చారు.

అందరూ కూర్చున్నాక సృజన్ లేచి నిలబడ్డాడు. దుద్దు పోలేదని, కంపెనీ నుంచి తను ఏమీ తేలేదని చెప్పాడు.

"అది రోకలిబండ. మొరాకోది. ప్రపంచంలో అలాంటి మగది అదొక్కటే ఉంది. నీలం డబ్బాలో నేనే పెట్టాను. కృష్ణవేణికి తెలియదు. పైన తను సున్నుండలు పెట్టింది."

కృష్ణవేణి చీర కొంగుతో ముఖం కప్పుకుంది. దేదీప్య తన పొట్ట వంక చూసుకుంది. సూర్యప్రకాశరావు గారు ఫిల్ములు ఒళ్లో దించి, అయితే నేను మింగింది ఏమిటి అని మెల్లగా తనను తానే అడిగారు.

"ఆ రోకలిబండేనా నువ్వు వెతికేది?" అంది కనకదుర్గ ఆంటీ. "అది శనివారమే పంపించాను కదా."

శనివారం ఆ ఇంటి నుంచి వచ్చింది పులిహోర క్యారియర్ ఒక్కటే.

ఫ్రిజ్ తలుపు తీసింది కృష్ణవేణి. వెనక మూల నుంచి స్టీలు క్యారియర్ వచ్చింది. పై గిన్నెలో ఆరు రోజుల పులిహోర ఇటుకలా గట్టిపడి ఉంది. కింద గిన్నెలో, మడతపెట్టిన పేపర్ టవల్ మధ్య, చిటికెన వేలంత గాజు గొట్టం పడుకుని ఉంది. లోపల పెన్సిల్ రాతతో కాగితం ముక్క, దాని పక్కన గోధుమ రంగులో చుట్టుకుని ఆ జీవి. సృజన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. జారిపోతుందేమోనని కృష్ణవేణి కింద తన అరచేయి పెట్టింది.

ఆంటీ జరిగినదంతా నింపాదిగా చెప్పింది. సున్నుండలు మార్చుతుంటే కింద గట్టిగా తగిలిందట. తీసి చూస్తే పురుగు. మొదట పారేద్దామనుకుందట. కాగితం మీద ఎవరో శ్రద్ధగా ఊరూ తేదీ రాసి ఉంటే, లైబ్రరీలో పనిచేసిన చేయి దాన్ని పారేయలేకపోయింది. సృజన్‌దే అయి ఉంటుందని అర్థమైంది.

"మరి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా ఆంటీ?" అన్నాడు సృజన్.

"ఎలా చెబుతాను? నేను చూశానని తెలిస్తే ఈ పిల్ల మళ్లీ నా ముఖం చూడగలదా? పులిహోర కింద పెట్టి పంపితే మీరే తీసుకుంటారు, నేను చూడనట్టే ఉంటానని." ఆంటీ ఆగి, అతని వంక తిన్నగా చూసింది. "తెరిచారా అని అడిగాను. చాలా బావుందన్నావు."

కృష్ణవేణి లేచి వెళ్లి ఆంటీ పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల ఆనించింది. ఆరు రోజులుగా పట్టి ఉంచిన ఏడుపు అంతా ఏడ్చింది. ఆంటీ ఆమె వీపు నిమురుతూ, సున్నుండలు మాత్రం చాలా బాగా కుదిరాయనీ, ఈయన నాలుగు తిన్నాడనీ చెప్పింది. ఆ మాట విషయంలో ఎక్స్‌రే ఫిల్ములు చూసినవాళ్లెవరికీ అనుమానం లేకపోయింది.

కృష్ణవేణి భయపడినట్టు ఎవరూ లేచి వెళ్లిపోలేదు. దాన్ని చూడొచ్చా అని మొదట అడిగింది దేదీప్య. మైక్రోస్కోప్ ముందు వరస కట్టారు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయనీ, తేడా ఏడో వలయం కింద దాగి ఉంటుందనీ సృజన్ చెబుతుంటే, ఏడేళ్లలో మొదటిసారి ఎవరికీ ఫోన్ రాలేదు. నిధి మాత్రం తన ఫోన్ తీసి మేనేజర్‌కి మెసేజ్ పెట్టింది. కంపెనీ లెక్కలో ఒక్క గొట్టం కూడా తగ్గలేదని జవాబు వచ్చింది. సోమవారం నుంచి సృజన్ ఆఫీసుకు రావచ్చు.

శుక్రవారం పొద్దున్నే కూర్చుని అతను ఆ రెండు కాళ్ల బొమ్మ గీశాడు. మధ్యాహ్నానికి పెట్టె కట్టి మ్యూజియంకు పంపాడు. ల్యాబ్‌లో అడక్కుండా తీసుకెళ్లిన సంగతి కూడా అదే రోజు చెప్పేశాడు. వాళ్లు తిట్టారు, గొట్టం క్షేమమని తెలిశాక తక్కువ తిట్టారు.

ఎనిమిది నెలలకు వ్యాసం అచ్చయింది, ముప్పై రెండు పేజీలు. ఆ జాతికి మొదట తన ప్రొఫెసర్ పేరు పెట్టాలనుకున్న సృజన్ మనసు మార్చుకుని కనకదుర్గ ఆంటీ పేరు పెట్టాడు. పేరు ఎందుకు పెట్టారో రాయాల్సిన చోట, సాక్ష్యాన్ని కాపాడినందుకు అని ఒక్క వాక్యం రాసి వదిలేశాడు. పులిహోర సంగతి రాయలేదు. ఒక ప్రతిని మంచి కాగితం మీద ప్రింట్ చేయించి, కవర్లో పెట్టి, టేపు అంటించి ఆవిడకు స్వయంగా ఇచ్చి వచ్చాడు.

రెండు వారాల తర్వాత ఆంటీ గిన్నెను ఖాళీగా ఇవ్వకూడదని కృష్ణవేణి పోసి ఇచ్చిన సాంబారు పట్టుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లాడు. సూర్యప్రకాశరావు గారు గిన్నె అందుకుని, మూత తీసి, అడుగుదాకా గరిటె పెట్టి కలిపి చూసి లోపలికి తీసుకెళ్లారు. సృజన్ కాస్త సిగ్గుపడుతూ, వ్యాసం చదివారా ఆంటీ అని అడిగాడు.

"చదివాను నాయనా. చాలా బావుంది," అంది కనకదుర్గ ఆంటీ.

టీవీ పక్కన ఆ కవరు, అతను అంటించిన టేపు ఊడకుండా భద్రంగా ఉంది.